అయినట్టే

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో మా మేస్త్రీని నవ్వించడానికి నేను పడ్డ పాట్లు గూడ్సు ఇంజను కూడా పడి ఉండదు. పని అయిందా అని అడిగితే, "అయినట్టే మేస్త్రీ" అనేవాణ్ణి. ఆయన మాత్రం నేను బిగించిన ప్రతి నట్టునూ మళ్లీ వేళ్లతో తడిమేవాడు.

"నాడి సూస్తన్నారేటి? జొరమొచ్చిందా?" అని ఏడిపించేవాణ్ణి.

ఒకరోజు పాసింజరు ఇంజను షెడ్డు దాటబోతోంది. నా "అయినట్టే" విని, ఆయన బ్రేకు కింద చెయ్యి పెట్టాడు. నట్టొకటి వేళ్లకే తిరిగింది.

"నీ అయినట్టేలో నట్టు ఒదులుగుందిరా. దీనెనకాల బండెడు జనం ఎల్తారు. బిగించు."

ఆయన వేయగా నేను విన్న జోకు అదొక్కటే. నవ్వు రాలేదు. బిగించాను, తడిమి చూశాను.

ఆనాటి నుంచి నా నోట "అయింది", లేదా "కాలేదు". మూడో మాట లేదు.