బండివాళ్ళ మసీదు

ఆ పేటలో అందరికీ ఆయన వెల్లమామ. గోడలకి సున్నం కొట్టడం తప్ప వేరే విద్య రాదు. తండ్రిదీ అదే పని. ఎవరింటికి వెల్ల వేసినా కూలి తీసుకునేవాడు గాని, వీధి చివరి మసీదుకు మాత్రం ఏటా ఊరికే వేసేవాడు.

ఆ మసీదు తెల్లదొరల కాలం నాటిది. దొరల గుర్రాలు తోలే బండివాళ్ళు, పెంట పోసే జాగాను కాళ్ళావేళ్ళా పడి అడుక్కుని కట్టుకున్నారు. దొరలు పోయారు, గుర్రాలు పోయాయి, గుర్రపుశాలలు గిడ్డంగులయ్యాయి. మూడు వరుసల జనం పట్టే ఆ గది మిగిలింది. రాజులు కట్టినవాటికి కాపలావాళ్ళుంటారు. బండివాళ్ళు కట్టినదానికి వెల్లమామే దిక్కు.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తామంటూ గోడ మీద ఎర్రగీత గీసి పోయారు. పాత కట్టడమని రుజువైతే రోడ్డును పక్కకి జరిపిస్తానని ఆఫీసరు మాటిచ్చాడు. గుమ్మం పైన బండివాళ్ళు తమ పేరూ, కట్టిన సంవత్సరమూ రాయించారని మసీదు పెద్ద అయిన దర్జీకి తాత చెప్పిన గుర్తు. అందరూ తలెత్తి చూశారు. గుమ్మం పైన మీగడ కట్టినట్టు సున్నం.

"ఏది మామా రాత? మీ నాన్నా నువ్వూ కలిసి మింగేశారు గదా!" అన్నాడు దర్జీ నవ్వుతూ.

"మింగలేదురా, దాచిపెట్టాం. రేపు ఆఫీసరొచ్చేసరికి తళతళలాడించకపోతే అప్పుడడుగు."

తెల్లారగానే గోడ గీకే రేకు పట్టుకుని నిచ్చెనెక్కాడు. కింద భార్య పట్టుకుని నిలబడింది.

"పగబట్టినట్టు ఆ గీకుడేంటయ్యా? మెల్లగా!"

"ఇన్నేళ్ళ వెల్ల, బుజ్జగిస్తే దిగుతుందా? నువ్వు నిచ్చెన సంగతి చూడు."

తన పూతలు రాలాయి. వాటి కింద నీలిమందు కలిపిన తండ్రి పూత కనబడితే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. లోపల రాయి ఉంటుంది, రేకు తగిలితే ఖంగుమంటుంది అని చెవి రిక్కించి గీకాడు. ఇంతలో ఒక వంపు తేలింది. అక్షరం! సంబరంగా ఇంకాస్త నొక్కాడు. వంపు ఊడి రేకు మీద పడింది.

రాయి కాదు. రాయి కొనే తాహతు లేక బండివాళ్ళు ఆ అక్షరాలను సున్నంతోనే ఎత్తి కట్టించారు. సున్నం మీద సున్నం పడి ఏళ్ళ తరబడి ఒకటైపోయింది. అక్కడ ఆగినా బాగుండేది. రాయి ఇంకా లోపల ఉందేమోనని గుమ్మం పొడవునా గీకాడు. ఎర్రగా ఇటుక బయటపడింది.

"రాయి ఏదయ్యా?" అంది భార్య.

ఆఫీసరు మంచివాడే. పెళ్ళలు అరచేతిలో వేసుకుని అటూఇటూ తిప్పి చూశాడు. "ఒక్క అక్షరం నిలిచి ఉన్నా ఫొటో తీసుకునేవాణ్ణి, పెద్దాయనా."

వెల్లమామ వంపు తిరిగిన పెళ్ళ ఏరి ఇచ్చాడు. "ఇది అక్షరమే సార్. చూడండి."

"ఏ అక్షరం?"

"నాకు చదువు రాదు సార్."

ఆఫీసరు పెళ్ళను జాగ్రత్తగా ఆయన చేతిలోనే పెట్టి జీపెక్కాడు. దర్జీ తిట్టలేదు. తిట్టినా కాస్త నయంగా ఉండేది.

నమాజు వేళకి జనం వచ్చారు. గుమ్మం పైన ఎర్రటి మచ్చ చూసి, తల దించుకుని లోపలికి నడిచారు.

"నువ్వు పోవా?" అడిగింది భార్య.

"నువ్వింటికి పద" అని, ఆయన మెట్టు పక్కన కూలబడి, రాలిన పెళ్ళల్లో ఏది దేనికి అతుకుతుందో చూడసాగాడు.