పదిహేను శుక్రవారాల తనిఖీ

దేవన్న ఊపి చూడని వస్తువు బహ్రెయిన్‌లో లేదు. కుర్చీ కనిపిస్తే కూర్చునే ముందు ఊపుతాడు. తలుపు కనిపిస్తే దాటే ముందు ఊపుతాడు. ఎవరైనా చెయ్యి కలిపితే ఆ చేతిని భుజం దాకా ఊపి, కీలు గట్టిగానే ఉందని తేల్చుకున్నాకే పలకరిస్తాడు. హిద్‌లోని ఓడల మరమ్మతు యార్డులో ఆయన ఉద్యోగమే అది. ఓడ చుట్టూ ఇనుప పైపులతో కట్టిన స్కాఫోల్డింగు మీదికి మనుషులు ఎక్కొచ్చో లేదో ఆయన చెప్పాలి. ఎక్కొచ్చంటే పచ్చ చీటీ, వద్దంటే ఎర్ర చీటీ. అరవై అడుగుల కట్టడాన్ని ఇరవై నిమిషాల్లో తేల్చేస్తాడు. చిక్కల్లా డ్యూటీ అయిపోయాక కూడా ఆ చెయ్యి ఆగకపోవడమే.

కొత్త మేనేజరు వచ్చిన రోజున దేవన్న ఆయన కుర్చీని ఊపాడు. మేనేజరు అందులో కూర్చునే ఉన్నాడు.

"సార్, జర లేవుండ్రి. ఎనక కాలుకు బోల్టు లూజున్నది."

మేనేజరు లేవలేదు. మూడో రోజున కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. అప్పట్నుంచి దేవన్న ఆఫీసు గుమ్మంలో కనిపిస్తే చాలు, ఆయన ముందే లేచి నిలబడేవాడు. బయటినుంచి చూసేవాళ్లు అది గౌరవం అనుకునేవాళ్లు.

యార్డు పనివాళ్లుండే క్యాంపు మొత్తం జల్లాఖ్ బీచికి పోయినప్పుడు ఇసుకలో పెద్ద గొడుగు పాతారు. కర్ర లోతు చాలలేదని దేవన్న దాన్ని పీకించి మళ్లీ పాతించాడు. గాలివాటం చూసి మళ్లీ పీకించాడు. దాని కింద కూర్చోవచ్చని ఆయన ఒప్పుకునేసరికి పొద్దు గూకింది.

"నీడ మస్తుగున్నది కాకా. ఎండ ఒక్కటే తక్కువైంది," అన్నాడు కుతుబుద్దీన్. బోధన్ మనిషి, క్యాంపు బస్సు డ్రైవరు. రోజూ పొద్దున బస్సు చక్రాలు నాలుగూ దేవన్న తన్ని చూశాకే బండి కదలనిస్తాడు కాబట్టి, ఆయన మీద జోకు వేసే హక్కు తనకు అందరికన్నా ఎక్కువని అతని నమ్మకం.

అలాంటి దేవన్న ఒక మనిషిని పదిహేను శుక్రవారాలు తనిఖీ చేశాడు. ఆ మనిషి భూమేష్.

భూమేష్‌ది మెట్‌పల్లి దగ్గర పల్లె. దేవన్న గదిలోనే పై మంచం. బహ్రెయిన్ వచ్చిన నాలుగో నెలలో ఊళ్లో బిడ్డ పుట్టింది. ఫోన్లో చూశాడు, అంతే. అప్పట్నుంచి వారమంతా డ్యూటీ బాగానే చేసేవాడు గాని, శుక్రవారం వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండికి లేవడు, ఎవరితో మాట్లాడడు. సెలవు రోజంటేనే భయం పట్టుకుంది అతనికి.

ఒకరోజు ఓడ డెక్కు మీద నిలబడి, స్కాఫోల్డింగు మూడో అంతస్తులో ఉన్నవాడికి నీళ్ల సీసా విసిరాడు. అది నేరుగా వాడి అరచేతిలో పడింది. వెల్డర్ల ఫోర్‌మన్ రోడెల్ అది చూశాడు. యార్డులో ఫిలిప్పీనోల బేస్‌బాల్ జట్టుకు కెప్టెన్ అతనే.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అని యార్డు హిందీలో అడిగాడు.

"మక్క చేన్ల. కోతులను కొట్టి," అన్నాడు భూమేష్.

ఆ శుక్రవారమే అతన్ని రైట్ ఫీల్డులో నిలబెట్టారు. మన క్రికెట్ లెక్కన బౌండరీ దగ్గర కాపలా. బంతులు అటు తక్కువ వస్తాయి కాబట్టి కొత్తవాళ్లను అక్కడ పెడతారు. భూమేష్‌కు ఆ సంగతి తెలియదు. తనను నమ్మి అంత పెద్ద మైదానం అప్పజెప్పారనుకున్నాడు. చాలా నెలల తర్వాత ఒక శుక్రవారం రెండు పూటలా అన్నం తిన్నాడు.

అయితే అతని కాళ్లకు క్రికెట్ తప్ప ఇంకొకటి తెలియదు. మొదటి మ్యాచ్‌లో బంతిని బాగానే కొట్టాడు. కొట్టి, బ్యాటు చేతిలో పట్టుకునే మొదటి బేసుకు ఉరికాడు. బేసు అంటే నేలమీద పరిచిన తెల్లటి మెత్త. దాన్ని కాలితో తొక్కాలి. భూమేష్ నాలుగడుగుల దూరం నుంచే బ్యాటు చాపి దానికి తాకించి, గిరుక్కున తిరిగి, రెండో పరుగు కోసం బయల్దేరిన చోటికే మళ్లీ ఉరికొచ్చాడు. మైదానంలో ఒక్కరూ కదల్లేదు. బంతి చేతిలో ఉన్నవాడు దాన్ని ఎవరికి విసరాలో తోచక అంపైర్‌కు ఇచ్చాడు.

ఫీల్డింగు ఇంకో కథ. చెయ్యి మాత్రం బంగారం. బంతి అందితే నూటయాభై అడుగులు తాడు లాగినట్టు విసిరేవాడు. కాని ఎప్పుడూ క్యాచరుకే విసిరేవాడు. బ్యాటరు వెనక గ్లోవు వేసుకుని కూర్చున్నవాడు అతని కంటికి వికెట్ కీపరు మరి. పరుగెత్తేవాడు ఈలోగా రెండో బేసు మీద నిలబడి నడుం వంచి సేద తీరేవాడు.

దేవన్న ఇదంతా భూమేష్ వెనకాలే, రంగు డబ్బా బోర్లించుకుని దానిమీద కూర్చుని చూశాడు. డబ్బాను ముందు ఊపాడని వేరే చెప్పక్కర్లేదు.

మూడో మ్యాచ్ అయిపోయాక రోడెల్, దేవన్న బస్సు వెనక చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత రోడెల్ భూమేష్ దగ్గరికొచ్చి, "బూమ్, నీ ఫీల్డింగు, నీ బ్యాటింగు రెండూ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేస్తాడు. ఆయన ఓకే అంటే జట్టులో ఉంటావు. వద్దంటే ఖలాస్," అన్నాడు.

మేనేజరు కుర్చీనే వదలని మనిషి తనను వదులుతాడా? మళ్లీ గది, మళ్లీ గోడ భూమేష్ కళ్లముందు కనిపించాయి.

తనిఖీ మొదలైంది. అంతకుముందు డబ్బా మీద కూర్చుని చూసిన మూడు శుక్రవారాలనూ దేవన్న అందులోనే కలిపేశాడు. నాలుగో వారం దేవన్న యార్డు నుంచి రసమట్టం తెచ్చి, బ్యాటింగుకు నిలబడ్డ భూమేష్ భుజాల మీద పెట్టాడు.

"ఎడమ దిక్కు రెండు డిగ్రీలు వాలినవ్."

"మనిషిని కాకా నేను, పైపును కాదు."

"పైపైతే సుత్తెతోని సరిజేద్దును."

అయిదో వారం మడమలు పట్టి ఊపాడు. ఆరో వారం చేతికి గ్లోవు తొడిగి, బంతి దాంట్లోనే పట్టాలని, గ్లోవు తీసి చంకలో పెట్టుకుని వట్టి చేతులతో పట్టకూడదని అరగంట చెప్పాడు. ఆ ఆట ఆయనకూ కొత్తే. అయినా రోడెల్‌ను అడిగి, రాత్రి గదిలో ఫోన్లో చూసి, తెలుసుకున్నది మర్నాడు పుట్టినప్పట్నుంచి తెలిసినట్టు చెప్పేవాడు.

"బంతి వచ్చినంక ఎవనికియ్యాల్నని చూసుడు కాదు. రాకముందే చూసి పెట్టుకోవాలె. ఉరికెటోడు యాడికి పోతుండో గాడికి కొట్టు."

ప్రతి శుక్రవారం సాయంత్రం భూమేష్ ఒకటే అడిగేవాడు. "ఏమంటవు కాకా?"

దేవన్న తేల్చేవాడు కాదు. ఒక వారం, గాలి ఉత్తరం నుంచి వచ్చిందన్నాడు, దక్షిణపు గాలిలో చూడాలన్నాడు. మరో వారం దక్షిణం నుంచే వచ్చింది, కాని మబ్బు పట్టింది. ఇంకో వారం ఎడమచేతి బ్యాటరు ఒక్కడూ రాలేదు. ఆ తర్వాతి వారం ముగ్గురొచ్చారు, ముగ్గురున్నప్పుడు సరైన అంచనా రాదన్నాడు.

"ఓడంత కట్టడానికి ఇరవై నిమిషాలు. భూమేష్‌కు రెండు నెలలు," అన్నాడు కుతుబుద్దీన్ బస్సు నడుపుతూ. "క్యా కాకా, వీనికి బోల్టులెక్కువున్నయా?"

"కట్టడం ఒక్క తాన నిలబడ్తది. వీడు ఉరుకుతడు," అన్నాడు దేవన్న.

తొమ్మిదో వారం భూమేష్ మూడు క్యాచులు వదిలాడు. మూడోది నెత్తిమీద పడి ఎగిరింది. క్రేను నడిపే కుర్రాడొకడు గ్లోవు తొడుక్కుని గట్టుమీద సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. రోడెల్ అతన్ని చూశాడు, దేవన్నను చూశాడు, తల పట్టుకుని అటు తిరిగాడు. ఆ సాయంత్రం క్యాంపు గేటు దగ్గర భూమేష్ ఇక ఆగలేకపోయాడు.

"ఒక్క మాట జెప్పు కాకా. పనికొస్తనా, రానా? రానంటే రానని చెప్పు. గీ సాగదీసుడేంది? మెడ మీద కత్తి పెట్టి కూసున్నట్టున్నది నాకు."

దేవన్న గేటును ఊపుతూ, "ఇయ్యాల తేమ ఎక్కువున్నది. బంతి బరువెక్కింది. లెక్కలోకి రాదు," అన్నాడు.

"నీకు కనికరం లేదు," అన్నాడు భూమేష్. అని, ఆరు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఏడో రోజు శుక్రవారం. మాట్లాడకపోయినా మైదానానికి పోక తప్పలేదు, తనిఖీ ఇంకా నడుస్తోంది కదా.

కోపమే పనిచేసిందో, అన్ని వారాల సాధింపే ఒంటబట్టిందో, పన్నెండో వారం నుంచి భూమేష్ కాళ్లు దారికొచ్చాయి. బంతి కొట్టగానే బ్యాటు వదిలేశాడు. మొదటి బేసు తొక్కి, వెనక్కి తిరక్కుండా రెండోదానికి పోయాడు. పద్నాలుగో వారం రైట్ ఫీల్డు మూల నుంచి మూడో బేసుకు విసిరిన విసురుకు అవతలి జట్టువాళ్లే ఈల వేశారు. బ్యాటింగు అంతంతమాత్రమే, పదిసార్లు దిగితే రెండుసార్లు తగిలేది. అయినా రోడెల్ ఇప్పుడు తల పట్టుకోవడం మానేశాడు.

దేవన్న మాత్రం ఆ రోజు ఎండ ఏటవాలుగా ఉందన్నాడు.

పదిహేనో వారం ఆఖరి మ్యాచ్. ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు. బ్యాట్లు సంచిలో సర్దుతున్న రోడెల్ దగ్గరికి పోయి భూమేష్ సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు.

"రోడెల్ భాయ్, ఇన్‌స్పెక్టర్ ఏం చెప్పిండు? వచ్చే సీజన్‌కు నేనున్ననా?"

"ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు," అన్నాడు రోడెల్. "మూడో మ్యాచ్ అయ్యాకే నిన్ను తీసేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తనిఖీలో ఉన్నదాన్ని మధ్యలో విప్పకూడదు, యార్డు రూలు అన్నాడు. తొమ్మిదో వారం కాళ్లావేళ్లా పడ్డాను. తనిఖీ ఇంకా కాలేదన్నాడు."

"అట్లెందుకన్నడు?"

"అడిగాను. 'శుక్రవారం ఆ మనిషిని గదిల ఉంచొద్దు' అన్నాడు. ఇంకేం చెప్పలేదు."

భూమేష్ సంచి మూతిని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. గాలి, మబ్బు, తేమ, ఎడమచేతివాళ్లు, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తన మెడ మీద కత్తి అనుకున్నది ఇన్నాళ్లూ తన కింద ఆనించిన దూలం.

"నువ్వు వచ్చే సీజన్‌కు ఉన్నావు బూమ్," అన్నాడు రోడెల్. "ఇది ఆయన చెప్పింది కాదు. నేను చూసింది. ఆ సంచి ఇటియ్యి."

గదికి పోయేసరికి దేవన్న మంచం మెట్లను ఊపుతున్నాడు.

"రోడెల్ అంత చెప్పిండు కాకా," అన్నాడు భూమేష్. "నన్ను ఆట్ల ఉంచనీకె గాలి, మబ్బు అని అబద్ధాలాడినవట."

దేవన్నకు నిజంగానే కోపం వచ్చింది. "అబద్ధమేంది? నిన్ను దక్షిణపు గాలిల సక్కగ చూసింది ఎన్నిసార్లు? ఒక్కసారి. గా ఒక్కసారితోని చీటీ రాస్తరా ఎవరన్నా?"

"తొమ్మిదో వారం నిన్ను కనికరం లేదన్న."

"అన్నవ్. గదీ తప్పే. మూడు క్యాచులు ఇడిసిపెట్టినోడు ఎదుటోన్ని అంటడా? బూట్లు ఇప్పు ముందు, ఇసుక రాలుతున్నది."

సీజన్ అయిపోయినా శుక్రవారం ప్రాక్టీసు ఆగలేదు. తర్వాతి వారం భూమేష్ రైట్ ఫీల్డుకు పోయి, గ్లోవు సర్దుకుని, అలవాటుగా వెనక్కి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఇసుక, దాని వెనక రోడ్డు, అంతే.

దేవన్న రెండో బేసు పక్కన ఉన్నాడు. అక్కడ దిల్ బహదూర్ అనే నేపాలీ ఫిట్టరు ఆడుతున్నాడు. వచ్చి నెల కూడా కాలేదు, క్యాంపులో అతని గొంతు విన్నవాళ్లు లేరు. అప్పుడే ఒక బంతి అతని రెండు కాళ్ల మధ్యనుంచి దొర్లిపోయింది. అతను దానికోసం కుడివైపు వెతుకుతున్నాడు. దూరంగా రోడెల్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

భూమేష్ మైదానం దాటి దేవన్న దగ్గరికి పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"కాకా, నా సంగతి చెప్పనే లేదు. నాది అయిపోయినట్టేనా?"

దేవన్న మెడ అటూ ఇటూ చాచి చూశాడు.

"అడ్డం జరుగు భూమేషూ," అన్నాడు. "ఆ పిలగాడు కనిపిస్తలేడు."