ఒంటికొమ్మోడి కోసం కువైట్‌లో ఒక రోజు

కువైట్ మీద ఇరాక్ దాడి చేసిన ఏడాది చలికాలంలో, అక్కడినుంచి తిరిగొచ్చినవాళ్ళతో మాట్లాడదామని రాయచోటి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. అప్పుడు నేను విలేకరిగా కొత్త. అందరూ ఆగిపోయిన జీతాల గురించి, జోర్డాన్ సరిహద్దులో ఎండ గురించి చెప్పారు. ఓబులమ్మ అనే ఆమె మాత్రం నన్నే ఒక ప్రశ్న అడిగింది. "సారూ, హైదరాబాదులో జపానోళ్ళ ఒంటికొమ్మోడి వీడియో దొరుకుతాదా? ఆఖరు క్యాసెట్టు?" నోట్‌బుక్కులో రాసుకున్నాను గానీ అచ్చుకు ఇవ్వలేదు. అది వార్త కాదనుకున్నాను.

పోయినేడు మళ్ళీ ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆమెకు కంటి ఆపరేషన్ అయివుంది. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని, నా గొంతు విని గుర్తుపట్టింది. అడిగిందీ అదే. ఈసారి పూర్తిగా విన్నాను. కువైట్ నగరంలో బ్నీద్ అల్ గార్ అనే పేటలో ఆమె ఇంటిపని చేసేది. ఆ ఇంట్లో దలాల్ అని ఆరేళ్ళ పాప. పాపకు అరబ్బీలోకి మార్చిన జపాన్ వీరుల సీరియల్ అంటే పిచ్చి. వారానికో క్యాసెట్టు అద్దెకు వచ్చేది. అందులో అయిదుగురు మంచి వీరులు, ఎదుట ఒక దుష్ట సైన్యం. రెండిట్లోనూ ఇమడనివాడు ఒకడు. తుప్పు రంగు కవచం, తలమీద రెండు కొమ్ముల్లో ఒకటి విరిగిపోయింది. పాప వాణ్ణి అబూ గర్న్ అనేది, అంటే కొమ్మువాడు. ఓబులమ్మకు ఒంటికొమ్మోడు.

దాడి మొదలయ్యాక క్యాసెట్లు ఆగిపోయాయి. సైనికులు ఇళ్ళల్లో జొరబడి ఎలక్ట్రానిక్ సామాన్లు ఎత్తుకుపోతున్నారని ఇంటి యజమానురాలు, ఓబులమ్మ మాటల్లో మామా, వీసీఆర్‌ను బియ్యం మూటలో దాచింది. అప్పట్నుంచి కథ ఓబులమ్మ నోటే నడిచింది. పాపకు ఊఁ కొట్టడం నేర్పింది. ఊఁ ఆగితే కథ ఆగుతుంది, అదీ నియమం. మెట్ల కింది సామాన్ల గదిలో దాక్కుని చప్పుడు చెయ్యకూడని రోజుల్లో ఊఁకు బదులు పాప ఆమె చూపుడువేలు నొక్కేది. ఆఖరు కథ రేపు చెప్తానని మాట ఇచ్చిన రోజే, జోర్డాన్ పోవడానికి ఊరివాళ్ళు మాట్లాడుకున్న లారీ మధ్యాహ్నం వచ్చేసింది. పాప నిద్రలో ఉంది. ఓబులమ్మ లేపకుండా లారీ ఎక్కింది.

"ఇన్నేండ్లకు కూడా నా ఏలు ఎవరో నొక్కినట్టే ఉంటాది సారూ. ఆ బిడ్డ ఉంటే కథ ఆఖరు చెప్పాల. నాకే తెలీదే, ఏం చెప్పేది?"

అదీ నా ప్రయాణానికి కారణం. ఆమె పాత ఇఖామా, అంటే నివాస అనుమతి కాగితం మీద యజమాని పేరుంది. అక్కడి తెలుగు మిత్రులు దాన్ని పట్టుకుని రెండు నెలలు వెతికితే దలాల్ దొరికింది. అహ్మదిలో బడి పంతులమ్మ. సాయంత్రం నాలుగింటికి రమ్మంది.

డిసెంబరులో వెళ్ళాను. మీరూ నవంబరు, ఫిబ్రవరి మధ్యే పెట్టుకోండి, పగలు నడవగలరు. రోజంతా తిప్పడానికి సత్తిబాబు అనే డ్రైవరుతో పద్దెనిమిది దినార్లకు మాట్లాడుకున్నాను. అమలాపురం దగ్గరి మనిషి, ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే. సిటీ బస్సులూ ఉన్నాయి, టికెట్టు తక్కువే, కానీ ఒక్కరోజులో మూడు చోట్లు తిరగాలంటే కుదరదు. ఉదయం తొమ్మిదిన్నరకు బ్నీద్ అల్ గార్‌లో దిగాం. ఓబులమ్మ చెప్పిన ఇల్లు లేదు, అక్కడ పదకొండు అంతస్తుల ఫ్లాట్లు లేచాయి. ఆమె గుర్తుపెట్టుకున్న వాటిలో మిగిలింది ఒక్కటే, రెండు సందుల మూలనున్న చిన్న మసీదు. దాని నీళ్ళ కుళాయి దగ్గర్నుంచి నలభై అడుగులు వేస్తే వాళ్ళ గేటు అని చెప్పింది. నలభై ఒకటో అడుగుకు ఫ్లాట్ల పార్కింగ్ గోడ తగిలింది. ఫొటో తీసుకున్నాను.

"ఏవండీ, గోడకి ఫొటో తీసుకోడానికి అంత దూరం నుంచొచ్చారా?" అన్నాడు సత్తిబాబు. సంగతి చెప్పాను. కారు తలుపు తీసిపెట్టాడు. తర్వాత అన్నాడు, "అద్దెలో ఓ మూడు దినార్లు తగ్గించుకోండి. ఇదేదో నా పని కూడానండి."

అక్కణ్ణుంచి హవల్లీ పావుగంట. ఎలక్ట్రానిక్స్ దుకాణాలు వరసగా ఉండే పేట. పదిన్నర నుంచి ఒంటిగంట లోపు వెళ్ళండి, తర్వాత చాలా దుకాణాలు సాయంత్రం దాకా మూసేస్తారు. మేం వెతికింది అబూ నాసిర్ అనే ఈజిప్టు పెద్దాయన్ని. ఒకప్పుడు క్యాసెట్ల అద్దె దుకాణం నడిపాడు. ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తాడు, పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడు. అబూ గర్న్ పేరు చెప్పగానే చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు.

ఆయన చెప్పింది సత్తిబాబు తెలుగులో చెప్పాడు. "ఆఖరు క్యాసెట్టు బుధవారం వచ్చిందంటండి. గురువారం సెలవు కదా, పిల్లలొస్తారని బల్లమీద పెట్టేడంట. గురువారం తెల్లారేసరికి ట్యాంకులొచ్చేయండి. ఆ క్యాసెట్టు ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదంట."

ఆయన దగ్గర ఆ సీరియల్ మొత్తం ఉంది. పనిచేసే వీసీఆర్ కూడా ఉంది. ముందు ఒక పాత భాగం పెట్టాడు. మంచివీరుడు గోతిలో పడి కాలు విరగ్గొట్టుకుని ఉంటాడు. వాణ్ణి ఓడించడమే జన్మకు లక్ష్యంగా తిరుగుతున్న అబూ గర్న్ గోతి అంచున నిలబడతాడు. పొడవొచ్చు, పొడవడు. తాడు విసిరి, వీపు తిప్పి వెళ్ళిపోతాడు. ఆ వీరుడు కృతజ్ఞతలు చెప్పబోతే "నువ్వు నడవగలిగిన రోజు వస్తాను, చంపడానికి" అంటాడు. ఆ అయిదుగురు మంచివీరులూ ఏ పని చేసినా ముందు ఒక ప్రసంగం చేస్తారు. వీడు పనిచేసి, దానికి ఒక చెడ్డ కారణం చెప్తాడు. నేను వృత్తిలో చాలామంది నాయకులను చూశాను. నాకు వీడు నచ్చాడు.

"వాడు మంచివాడు కాదు. మంచివాణ్ణని చెప్పుకోడు కూడా. పిల్లలు అది కనిపెట్టేవాళ్ళు," అన్నాడు అబూ నాసిర్.

అప్పుడు నేను ఓబులమ్మ బాగా ఇష్టంగా చెప్పిన కథ గురించి అడిగాను. దుష్ట సైన్యం ఒక ఇంట్లో జొరబడుతుంది. అబూ గర్న్ వాళ్ళతో ఉంటాడు. దాక్కున్న పాపను చూస్తాడు, ఖర్జూరపు గింజ చప్పరిస్తూ ఒక్క క్షణం నిలబడతాడు, "మా ఫీ అహద్", ఎవరూ లేరు, అని వెనకవాళ్ళకు చెప్పి తలుపు మూసేస్తాడు. ఆ భాగం ఏ క్యాసెట్టులో ఉంది?

అబూ నాసిర్ నవ్వాడు. "జపాన్ వీరుడు ఖర్జూరపు గింజ చప్పరించడమా? ముఖం మొత్తం లోహం, నోరెక్కడుంది వాడికి?" తర్వాత నవ్వు ఆపి, తన చేతిరాత జాబితా తెచ్చి మొదటినుంచి చివరిదాకా వేలితో చదివాడు. అలాంటి భాగం లేదు. ఈ ప్రశ్నే కొన్నేళ్ళ కిందట ఒకామె ఫోన్ చేసి అడిగిందని కూడా చెప్పాడు. పేరు గుర్తులేదట.

దుకాణం బయటికొచ్చి ఓబులమ్మకు ఫోన్ చేశాను. ఇక్కడ ఒంటిగంట, అక్కడ మూడున్నర. క్యాసెట్టు దొరికిందంటే సంబరపడింది. ఖర్జూరపు గింజ కథ ఎక్కడిదని అడిగాను.

"అది క్యాసెట్టులోది కాదు సారూ," అంది. "మా ఇంట్లోదే."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మామా రొట్టె కోసం క్యూలో నిలబడ్డానికి పోయింది. ఇంట్లో ఆమే, పాపే. సైనికులు వచ్చారు. ఇద్దరూ మెట్ల కింద దూరారు. పాప ముఖం ఆమె ఒళ్ళో దాచుకుంది. కథ గుసగుసగా నడుస్తోంది. అడుగుల చప్పుడుకు ఆమె మాట ఆపేస్తే, పాప చెప్పు చెప్పు అని వేలు నొక్కుతోంది. తలుపు తెరుచుకుంది. "గడ్డం కూడా సరిగ్గా రాని పిల్లోడు సారూ. బుగ్గలో గింజ పెట్టుకోని చప్పరిస్తా ఉండాడు. నన్ను జూసినాడు, బిడ్డను జూసినాడు. వెనకనించి ఎవడో అరిచి అడిగె. మా ఫీ అహద్ అనె. తలుపు యట్లా మూసినాడంటే, నిద్రపోయే బిడ్డ ఉండే ఇంట్లో మూసినట్టు."

మామాకైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఆయమ్మ ఇంకొకరికి చెప్తాది. అది యాడికో పాకితే ఆయప్ప తలకాయ ఎగిరిపోదా? చెప్పకుండా ఉంటే నాకు ఊపిరాడలే. అందుకే ఆ పొద్దు ఒంటికొమ్మోడి మీద పెట్టి బిడ్డకు చెప్తి. గింజతో సహా చెప్తి." మళ్ళీ అంది, "నువ్వు చెప్పొద్దు సారూ ఆ బిడ్డకు. చెప్పేది నేనే. కానీ నేను ఎనిమిదికి మందేసుకోని పండుకుంటా, ఆలోపల చెయ్యి."

అక్కడ ఎనిమిది అంటే ఇక్కడ అయిదున్నర. ఆఖరు భాగం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి గంటన్నర పట్టింది, అయిదు దినార్లు. సత్తిబాబు తెలిసిన మెస్సులో చేపల పులుసుతో భోజనం పెట్టించాడు, మనిషికి దినారున్నర. హవల్లీ నుంచి అహ్మదికి దక్షిణంగా హైవే మీద మామూలుగా నలభై నిమిషాలు. మేం మూడింటికి బయల్దేరి, ఆఫీసులు వదిలే రద్దీలో ఇరుక్కుని నాలుగూ ఇరవైకి చేరాం. ఆయిలు కంపెనీ కోసం కట్టిన ఊరు, పొట్టి ఇళ్ళు, వీధులకు రెండువైపులా చెట్లు. నగరం నుంచి వచ్చినవాళ్ళకు వేరే దేశంలా ఉంటుంది.

దలాల్ మాకు ఏలకుల టీ ఇచ్చింది. నాతో ఇంగ్లీషులో, సత్తిబాబుతో అరబ్బీలో మాట్లాడింది. గోడకు ఒక పాత క్రేయాన్ బొమ్మ ఫ్రేము కట్టి ఉంది. తుప్పు రంగు కవచం, ఒక కొమ్ము, లోహపు బుగ్గ మీద ఉబ్బెత్తుగా గింజంత గుండ్రం.

"ఓబ్లా చెప్పకుండా వెళ్ళిపోయింది. మా అమ్మ ఎన్నిసార్లు కథ చెప్తానన్నా వద్దనేదాన్ని," అంది. "పెద్దయ్యాక ఆ సీరియల్ కోసం వెతికాను. హవల్లీలో ఒకాయన్ని కూడా అడిగాను. నాకు ఇష్టమైన కథ అసలు లేదంటారు అందరూ. విచిత్రం ఏమిటంటే, మిగతా కథలన్నీ నాకు ఓబ్లా గొంతులోనే గుర్తున్నాయి. ఆ ఒక్క మాట, మా ఫీ అహద్, అది మాత్రం మగ గొంతులో గుర్తుంది. అందుకే టీవీలో విన్నానని నమ్మాను."

సత్తిబాబు నా వైపు చూశాడు. నేను టీ కప్పు వైపు చూశాను. నాలుగూ యాభైకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి బల్లమీద ఉంచాను.

ఓబులమ్మ తుప్పుపట్టిన అరబ్బీలో పాప క్షేమం అడిగింది. పాప నలభై దాటిన మనిషి. మధ్యలో మాట తడబడితే సత్తిబాబు అందించాడు. "అమ్మా, మీ అరబ్బీ ఇంకా ఖలాస్ అవలేదండీ!"

"ఎవురబ్బీ నువ్వు, గోదారోడివా? అండీ అండీ అంటానే మాటకు అడ్డమొస్తావే! పక్కకుండు."

తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. సత్తిబాబు నా చెవిలో గుసగుసగా తెలుగు చేశాడు. రొట్టె క్యూ, మెట్ల కింది గది, ఆగిన మాట, నొక్కిన వేలు, తెరుచుకున్న తలుపు. అక్కడికి వచ్చి ఓబులమ్మ ఆగింది. దలాల్ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

ఫోన్‌లోంచి తెలుగులో వినిపించింది. "ఊఁ కొట్టవేమే బిడ్డా? చెప్పొద్దా?"

దలాల్ చేతులు తీసింది. "ఊఁ," అంది.

కథ సాగింది. "మా ఫీ అహద్" అనే మాట దగ్గర దలాల్ కూడా ఆమెతోపాటు అంది, లోగొంతుకతో. తర్వాత అడిగింది, "ఆయన ఏమయ్యాడు?" "తెలీదు బిడ్డా. నీ ఈడొచ్చేదాకా బతికుంటే బాగుండు." ఆఖరు కథ చెప్పకుండా పోయినందుకు కోపమా అని ఓబులమ్మ అడిగితే, "చెప్పేసి వెళ్ళావు ఓబ్లా, నాకే తెలియలేదు," అంది దలాల్. అయిదూ ఇరవైకి మందు వేళైందని అవతల ఎవరో గుర్తుచేశారు.

పెన్‌డ్రైవ్ దలాల్‌కు ఇచ్చాను. ఆఖరు భాగం నేను హవల్లీలో చూశాను కాబట్టి చెప్పగలను. అబూ గర్న్ తన మిగిలిన కొమ్మును మంచివీరుడి గుమ్మంలో పెట్టి ఇసుకలోకి నడిచిపోతాడు. బతికాడో లేదో ఎవరూ చెప్పరు. వాడి కథ రాసినవాళ్ళు గట్టివాళ్ళు. కానీ వాడు చేసినవాటిలో అన్నిటికంటే గొప్ప పని వాళ్ళు రాయలేదు. అది పేరు తెలియని సైనికుడు చేశాడు, రాయచోటి మనిషి దాచింది. నేను ఆధారాలను నమ్మేవాణ్ణి. దీనికి నా దగ్గరున్న ఆధారాలు రెండు, ఒక ముసలామె మాట, ఒక క్రేయాన్ బొమ్మలో ఉబ్బిన బుగ్గ. నాకు సరిపోయాయి. అప్పట్లోనే దీన్ని వార్తగా గుర్తించి ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సింది.

మీరూ ఇలా పాత చిరునామా పట్టుకుని వెళ్తుంటే ఒక సలహా. ఇంటి నంబరు కాదు, పక్కనున్న మసీదు ఏదో అడిగి రాసుకోండి. ఇళ్ళు కూల్చేస్తారు, మసీదు చాలాచోట్ల అక్కడే ఉంటుంది. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు మన గడియారం రెండున్నర గంటలు ముందుంటుందని మరిచిపోకండి. చెప్పాల్సినవాళ్ళు తొందరగా పడుకుంటారు.