భుజాలు దించమన్నాను

మా వరసలో మూడో గది ఈలాయనది. వయసులో ఉన్నప్పుడు రాళ్ల షెడ్డు నుంచి ఈల వేసుకుంటూ వచ్చేవాడు, ఆ పేరు అలా పడింది. ఇప్పుడు నోరు మెదపకపోయినా ఛాతీయే ఈల వేస్తుంది. మధ్య గోడ పల్చన, నాకన్నీ వినిపిస్తాయి. వినిపించకపోతే వెళ్లి అడిగేదాన్నే అనుకోండి.

ఇరవై ఆరేళ్లు ఆ షెడ్డులో రాతిపలకలు నునుపు చేశాడు. ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. భార్య పోయాక కూతుర్ని తనే పెంచాడు. ఆ పిల్ల టైలరు కొట్లో బొత్తాలు కుట్టడం దాటి కత్తెర పట్టేదాకా వచ్చింది. దాని చేతికి గుడ్డ తెలుసు, రాయి తెలీదు అని మురిసిపోయేవాడు.

మా గదులన్నీ షెడ్డువాళ్లవే. ఒక మనిషి పని దిగితే ఆ ఇంట్లోవాళ్లే ఇంకొకరు పనికి ఎక్కాలి, లేదా గది వదిలి సామాను సర్దుకోవాలి. మా ఆయన దిగితే మా పెద్దాడు ఎక్కింది అలాగే.

షెడ్డులో ఏటా ఊపిరి పరీక్ష, తప్పితే పని దిగాల్సిందే. గొట్టంలోకి బలం కొద్దీ ఊదాలి. నాలుగేళ్లుగా ఈలాయన బదులు పక్క మిషను మీది మనిషి ఊదేవాడు. పేరు ఇతనిది, ఊపిరి అతనిది. ఈ ఏడు అది కుదరలేదు. కొత్త మిషను వచ్చింది, ఫొటో కార్డు పట్టుకుని ఆసుపత్రికే రమ్మన్నారు, తోడు ఒకర్ని తెచ్చుకోమన్నారు. కూతురికి సెలవు దొరకలేదు. నేనొస్తానన్నాను. తోడు సంగతి సరే, నాకు ఆ కొత్త మిషను చూడాలని ఉంది.

కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం ఇచ్చారు. ఊదక్కర్లేదట, ఇంట్లో పీల్చినట్టు పీల్చి వదిలితే చాలట. మిషను దగ్గరి అమ్మాయిని నేను ఊరికే ఉండనివ్వలేదు. పాపం, విసుక్కోకుండా చెప్పింది. మనిషి గాలి వదిలేటప్పుడు మిషను మెల్లగా కాస్త లాగుతుంది. లోపలి దారులు బాగుంటే గాలి ఇంకా వస్తుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. మూసుకుపోతుంటే ఎంత లాగినా అంతే, కొత్త గీత పాత గీత మీదే పడుతుంది.

ఈలాయన గీత లేచింది. పరవాలేదే అంది అమ్మాయి. రోజూ ఆ ఈల వినే చెవులు నావి, నమ్మలేకపోయాను. తీరా చూస్తే భుజాలు చెవులదాకా ఎత్తి, ఛాతీ నిండా గాలి పట్టుకుని, పైపైనే కాస్త కాస్త వదులుతున్నాడు. భయంతో బిగుసుకున్నాడనుకున్నాను.

"ఏం తమ్ముడూ, ఫొటో దిగుతున్నావా? భుజాలు దించు. మన గుమ్మంలో కూర్చున్నట్టు కూర్చో."

అవునండీ, మామూలుగా ఉండండి అని అమ్మాయి కూడా అంది. నోట్లో గొట్టం, మాట్లాడలేడు. నావైపు చూశాడు. ఆ చూపు నాకు అందలేదు. లేచి వెళ్లి, నా రెండు చేతులతో ఆ భుజాలు కిందికి నొక్కాను.

ఐదుసార్లు లాగింది మిషను. ఐదుసార్లూ గీత మీద గీత. అమ్మాయి తల వంచుకుని రాసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెప్పాడు. పొడి లేచే ముందు బయటి గాలి నిండా నింపుకుని, పైపైనే సర్దుకోవడం షెడ్డు మనుషులకు అలవాటేనట. ఛాతీ నిండుగా ఉంటే గాలికి దారి దొరుకుతుందని ఒంటికే తెలిసిపోయిందట. అలాగే ఈ ఏడు గట్టెక్కుదామనుకున్నాడు.

"నా కోసం కాదక్కా. నేను దిగితే నా పిల్ల ఎక్కాలి."

మర్నాడు ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్లి ఆ కాగితం మార్చమని బతిమాలాను. గీత నా చేతిలో లేదు పెద్దమ్మా అంది అమ్మాయి. ఆయన మళ్లీ ఆ పొడిలోకి వెళ్తే ఏడాది తిరగడం కష్టమని కూడా అంది. తండ్రీకూతుళ్లిద్దర్నీ నా గదిలో పెట్టుకుంటానని షెడ్డు గుమాస్తాను అడిగాను. మీవాళ్లు కారుగా అన్నాడు.

పదో రోజు ఆ పిల్ల కత్తెర కొట్లో ఇచ్చేసి వచ్చింది. మర్నాడు పొద్దున నేను గుమ్మం కడుగుతున్నాను. ఈలాయన కూతురి ముక్కుకీ నోటికీ గుడ్డ కడుతున్నాడు. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, పొడి లేచే ముందు తలుపు వైపు తిరిగి నిండా పీల్చుకోమని చెబుతున్నాడు.

ఆ పిల్ల భుజాలు చెవులదాకా ఎత్తి చూపించింది.

"ఇలాగేనా నాన్నా?"