చెవిలో మోత ఆగిన మధ్యాహ్నం

ఏప్రిల్ రెండో ఆదివారం, మధ్యాహ్న భోజనాల తర్వాత. స్థలం: పోతిరెడ్డిపల్లిలో మా ఇంటి వెనక వాకిలి. ఉన్నవాళ్లు: నేను, నా భార్య సుశీల, ఆదివారమని ఊరి నుంచి వచ్చిన కొడుకు శ్రీనివాస్, బామ్మర్ది మల్లేశం. నలుగురమే. గేటుకు గొళ్లెం పెట్టి ఉంది.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. వాన, కరెంటు, ఒంట్లో నలత, ఇంటికొచ్చినవాళ్ల పేర్లు తప్ప ఇలాంటి సంగతి అందులో ఒక్కటీ లేదు. ఇది కూడా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కంప్రెసర్లు నడిపాను. రిటైరయ్యే నాటికి చెవులు సగం పోయాయి. పోయిన వినికిడి జాగాలో మోత వచ్చి కూర్చుంది. ఆవిరి లీకైనట్టు సుయ్‌మని, పగలూ రాత్రీ ఒకటే. నరాలు దెబ్బతిన్నాయి, మందు లేదు, అలవాటు చేసుకోవాలి అన్నాడు డాక్టరు. పడుకునేటప్పుడు రేడియో చిన్నగా పెట్టుకుంటాను. చలికాలంలోనూ ఫ్యాను తిరగాల్సిందే. సర్వీసంతా లీకులు వెతికి బిగించినవాణ్ని, దీని వాల్వు ఎక్కడుందో మాత్రం దొరకలేదు.

ఆ రోజు తేల్చవలసిన విషయం ఒక్కటే. కొండాపూర్‌లో సుశీల వాళ్ల అక్కకు జారిపడి తుంటి ఎముక విరిగింది. సుశీల వెళ్లి నెల రోజులు చూసుకోవాలి. అన్నాళ్లు నన్ను ఒంటరిగా వదలొచ్చా? నా చెవుల వల్ల ఆమె ఆగిపోకూడదని నా పట్టుదల.

“బాపు ఒక్కడెట్లుంటడు? కుక్కర్ విజిలే వినవడది,” అన్నాడు శ్రీనివాస్.

“వినవడకుంటే ఏంది, మాడు వాసనన్న వస్తది కద,” అని మల్లేశం నవ్వాడు. “బావా, అక్కను తోలియ్యి. దినాం పొద్దుగాల నేనొచ్చి చూస్త. గేటు తియ్యకపోతే గోడ దుంకుత.”

“దుంకు, నీ తుంటి గూడ ఇరుగుతది. ఇద్దరికి ఒక్కతాననే సేవ చేస్త,” అంది సుశీల.

శ్రీనివాస్ కూడా నవ్వాడు. పని అయిపోయినట్టే అనిపించింది.

ట్యాంకులో నీళ్లయిపోయాయని సుశీల అంటే నేనే లేచి మోటారు వేశాను. అది నడుస్తుంటే వినికిడి మిషన్‌లో గరగర తప్ప మాట రాదు. తీసి జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు చెవిలో మోత ఆగిపోయింది.

తగ్గడం కాదు, ఆగిపోయింది. మోటారు కూడా వినబడలేదు. సుశీల పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఆ నిశ్శబ్దంలో, నేలలోని సంపులోకి దిగే ఇనుప పైపు మీద ఎవరో పానాతో కొట్టారు. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకటి.

మా కంప్రెసర్ల హాల్లో నోటితో పిలిస్తే వినబడదు. పైపు మీద దెబ్బలే మా మాటలు. ఈ వరస మాత్రం నేనూ, నా జోడీ యాదగిరీ మా ఇద్దరి కోసం పెట్టుకున్నది. అది వినబడితే ఆలోచించకూడదు, స్విచ్ ఆపాలి. యాదగిరి రిటైరయ్యాక షుగరుతో పోయాడు.

నా చేయి దానంతటదే స్విచ్ ఆపేసింది. “సంపు మూత తియ్యుండ్రి!” అని అరిచాను. శ్రీనివాస్ తీశాడు. నీళ్లు తప్ప ఏమీ లేదు.

నేను మిషన్ పెట్టుకునేసరికి మోత తిరిగి వచ్చేసింది.

“ఏం వినవడ్డది బాపు?”

“పైపును ఎవరో కొట్టిండ్రు.”

అంతే చెప్పాను. ఎన్ని దెబ్బలో, ఎలా కొట్టారో చెప్పలేదు. మల్లేశం ఏమీ వినలేదన్నాడు. శ్రీనివాసూ అదే మాట. సుశీల వైపు చూశాను. “నాకేం వినవడలే,” అని చెంబు తీసుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అప్పటిదాకా ఉన్నది వినబడదనే వాళ్ల భయం. ఇప్పుడు లేనిది కూడా వినబడుతోంది. ప్రయాణం ఆగిపోయింది. అక్కను కొండాపూర్‌లో దింపి వద్దామని వచ్చిన మల్లేశం ఒక్కడే వెళ్లిపోయాడు. నా వల్లే అని ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు, వైర్లు, స్టార్టరు అన్నీ చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు.

అతను పోయాక నల్లా దగ్గర పైపు పట్టుకుని నిలబడ్డాను. సుశీల గరిటెతో వచ్చి ఆ పైపు మీద కొట్టింది. చెవికంటే ముందు అరచేతికి తెలిసింది. రెండు వెంటవెంటనే. ఆగి, ఒకటి.

“గిట్లనే కదా?” అంది.

“నిన్న విన్నవా?”

“విన్న. అందరి ముంగట చెప్తే ఇద్దర్ని కలిపి దవాఖానకు తోల్తరని నోరు మూసుకున్న.” నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. “గట్ల కొడితె ఏందన్నట్టు?”

ఫ్యాక్టరీ సంగతులు నేను ఇంటికి తెచ్చేవాణ్ని కాదు. నాది నరాల జబ్బు అనుకుందాం. ఆమె చెవులు మంచివే. ఆ దెబ్బల వరస ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

‘నడపొద్దు, నేను లోపల ఉన్నాను’ అని దాని అర్థం. ఫ్యాక్టరీలో ట్యాంకు కడగడానికి మా ఇద్దరిలో ఎవరు దిగితే వాడు లోపలి నుంచి అలా కొట్టేవాడు. ఆమెకు చెప్పలేదు.

ఆమె బ్యాగులో నా బట్టలు కూడా పెట్టింది. “నువ్వు గూడ నడువు కొండాపూర్‌కు. పోయేముందు ట్యాంకి నింపుదాం, జెర మోటర్ ఎయ్యి,” అంది.

నేను తలుపుకు తాళం వేశాను. మోటారు వేయలేదు.