శిరీష మేడం మద్దెల పాఠం

శంషాబాద్‌లో బోర్డున్న ప్రతిదీ అంతర్జాతీయమే. ఇడ్లీ బండి అంతర్జాతీయం, మంగలి షాపు అంతర్జాతీయం. శిరీష పనిచేసే డిగ్రీ కాలేజీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కింద టైర్ల దుకాణం, పైన రెండంతస్తుల్లో అంతర్జాతీయ విద్య. అక్కడామె గెస్టు లెక్చరర్‌గా సైకాలజీ చెబుతుంది. చెబుతుందని మేనేజ్‌మెంట్ నమ్మకం. వినడానికి పిల్లలుండాలి కదా!

పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. సగం మందికి ఎయిర్‌పోర్టులో కొలువులు. అమ్మార్ విమానాల్లోకి పెట్టెలు ఎక్కిస్తాడు. తస్నీమ్ వీల్‌చైర్ల దగ్గర పనిచేస్తుంది. ఎప్పుడైనా షిఫ్టు దిగి వచ్చి బెంచీ మీద తల వాల్చారంటే పరీక్ష ఫీజు మాట చెవినపడేదాకా లేవరు. వాళ్ళు క్లాసుకు రాకపోతే క్లాసునే వాళ్ళ దగ్గరికి పంపుదామనుకుంది శిరీష. పాఠాలను ఫోన్లో రికార్డు చేసి పాడ్‌కాస్ట్‌గా పంపడం మొదలుపెట్టింది. స్టాఫు బస్సులో వింటారని ఆశ.

"మొదటిది ఎట్లుందిరా?" అని అడిగింది అమ్మార్‌ను.

"మస్తుంది మేడం. బస్సెక్కంగనే నిద్ర పట్టింది."

దారి చూపింది ఆమె తల్లి లింగమ్మ. మంఖాల్‌లో వాళ్ళ ఇంట్లో రోజూ రాత్రి టీవీలో సినిమా నడవాల్సిందే. ఒకనాడు తెర మీద విలన్ ఎవరి ఇల్లో తగలబెడుతుంటే లింగమ్మ తోటకూర కట్టలు కడుతూ, "వాని అయ్య చిన్నప్పుడు వాణ్ణి దగ్గరికి తీసుకోలే. గందుకే గట్ల మండుతుండు" అంది. శిరీష పుస్తకం మూసేసింది. మూడు పేజీల సిద్ధాంతం ముసలమ్మ నోట్లోంచి ఒక్క ఊపిరిలో వచ్చేసింది.

ఇక ఆ వారం నుంచి పాఠాలన్నీ సినిమాలే. విలన్ బాల్యం ఒక పాఠం. తలకు దెబ్బ తగలగానే గతం మరిచిపోయే హీరోయిన్ ఒక పాఠం. అత్తను ఏమీ అనలేక గిన్నెలు విసిరే కోడలు ఒక పాఠం. ఇంట్లో తల్లి వింటుండగానే, చప్పుడు రాకుండా బొంతలు కప్పుకొని రికార్డు చేసేది, అయినా నెత్తి మీదుగా విమానం పోతే ఆగాల్సి వచ్చేది. బస్సు డ్రైవర్‌కు ఇవెంత నచ్చాయంటే స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించేవాడు. సూపర్‌వైజర్ అరిస్తే పిల్లలు ఇప్పుడు బాధపడడం మానేశారు. "పాపం, ఇంట్ల ఎవరో గిన్నెలు విసిరిండ్రు" అని జాలిపడేవారు. సూపర్‌వైజర్‌కు ఆ జాలి తిట్టుకన్నా ఎక్కువ మండేది.

అంతా బాగానే ఉండేది, ఆమె మద్దెల పాఠం చెప్పకపోతే.

తప్పును ఒప్పుకోలేని మనసు దానికి మంచి కారణాలు అల్లుకోవడాన్ని సైకాలజీలో రేషనలైజేషన్ అంటారు. పుస్తకంలో హేతుకరణం అని ఉంటే పిల్లలు అదేదో జ్వరం పేరనుకున్నారు. శిరీష వాళ్ళకు ఆడలేక మద్దెల ఓడన్న సామెత చెప్పింది. ఉదాహరణకు అప్పుడే తుస్సుమన్న ఒక పెద్ద హీరో సినిమా తీసుకుంది. అందులో హీరో రన్‌వే మీద ఉరుకుతున్న విమానాన్ని తాడేసి ఆపుతాడు. విమానాల నీడలో బతికే అమ్మార్ లాంటివాళ్ళు ఆ సీనుకు కుర్చీల్లోంచి జారిపడి నవ్వారు. "సినిమా పోయింది. అభిమానులు మాత్రం వానలనీ, పరీక్షలనీ, కుట్ర అనీ అంటున్నారు. చూశారా? మద్దెల ఓడు!" అని ముగించింది శిరీష.

ఆ ముక్క మల్లేశ్వర్ చెవిన పడింది. మల్లేశ్వర్ ఆ హీరో అభిమాన సంఘానికి శంషాబాద్ అధ్యక్షుడు. పొట్టకూటికి ఫ్లెక్సీలు ముద్రిస్తాడు. కాలేజీ అడ్మిషన్ల ఫ్లెక్సీలు కూడా ఆయనవే. మర్నాడే మందితో వచ్చి కరస్పాండెంట్ రామచంద్రయ్య గదిలో కూర్చున్నాడు. మేడం మైకులో మాఫీ అడగాలి, లేకుంటే కాలేజీ ఫ్లెక్సీ ఊర్లో ఒక్కటి లేవదన్నాడు.

వాళ్ళు వెళ్ళాక రామచంద్రయ్య శిరీషను పిలిచాడు.

"అమ్మా, ఈ జూన్ల నీ రెగ్యులర్ ఆర్డర్ మీద సంతకం పెడ్తనన్న. అన్ననా లేదా?"

"నాలుగేండ్ల సంది అంటనే ఉన్నరు సార్."

"అంటనే ఉన్న కదా! ఎన్నడన్న మాట తప్పిన్నా? ఇగో, మాఫీ అడుగు, ఆర్డర్ తీస్కో. అడగకపోతే సైకాలజీ తీసేసి కంప్యూటర్ పెడ్త."

నాలుగేళ్ళ గెస్టు బతుకు ఒక్క మాటకు తెగేట్టుంది. శిరీష నేరుగా ఫ్లెక్సీ షాపుకు పోయింది. మిషన్ లోపల నుంచి హీరో మోకాళ్ళ దాకా బయటికొచ్చి ఉన్నాడు, మీసం ఇంకా రావాలి.

"అన్నా, మాఫీ అడుగుత. కానీ నా ఒక్కదాని మాట ఎందుకు? నువ్వే మా క్లాసుకు వచ్చి సినిమా ఎట్లుందో మైకుల చెప్పు. ఒక్క ముక్క కొయ్యకుండ పంపిస్త."

మైకు అనగానే మల్లేశ్వర్ కాలర్ సర్దుకున్నాడు. "నేనా? ఎడిటింగ్ ఉండదు కదా?"

ఆదివారం ఆ క్లాసు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిండింది. ముందు బెంచీల్లో హీరో బొమ్మ టీషర్టులు, వెనక షిఫ్టు దిగొచ్చిన పిల్లలు.

"అన్నా, సినిమా ఎందుకు పోయింది?" అని మొదలుపెట్టింది శిరీష.

"పోలే మేడం. మంచి సినిమాకు జనం నిమ్మళంగ వస్తరు."

"వారంల ఎత్తేసిండ్రు కదా?"

"గదే కదా! జనం వచ్చే లోపల ఎత్తేసిండ్రు."

వెనక బెంచీల్లోంచి "మద్దెల" అని సన్నగా వినిపించింది.

"మరి విమానాన్ని తాడుతో ఆపుడు?"

"ఆ రోజు ఎదురుగాలి మేడం. సగం గాలి ఆపింది, సగం అన్న ఆపిండు."

"మద్దెల!" ఈసారి గది అదిరింది. మల్లేశ్వర్ చుట్టూ చూశాడు. "ఏందా మద్దెల?"

తస్నీమ్ లేచి, భయపడుతూనే, సామెతతో సహా అంతా విడమరిచి చెప్పింది. ముందు బెంచీల్లో టీషర్టులు లేచి నిలబడ్డాయి. మల్లేశ్వర్ చెయ్యెత్తి వాళ్ళను కూర్చోబెట్టాడు. ఒక నిమిషం గడ్డం గోక్కున్నాడు. తర్వాత అతని ముఖంలో ఒక కొంటె నవ్వు మొలిచింది.

"మంచిగుంది. మరి నేనొకటి అడుగుత, చెప్పుండ్రి మేడం. నాలుగేండ్ల సంది ఈ కాలేజీల గెస్టుగనే ఉన్నరంట. ఎందుకుంటున్నరు?"

శిరీషకు ఆలోచించే పని కూడా లేకపోయింది. ఆ జవాబు చుట్టాలకు, స్నేహితులకు, అద్దానికి ఎన్నోసార్లు చెప్పి ఉంది. "మేనేజ్‌మెంట్ మంచిదే అన్నా. పోయినేడు అడ్మిషన్లు తక్కువైనయి. అంతకు ముందు బిల్డింగ్ కిరాయి పెరిగింది. సార్ మనసు మంచిది. గదులల్ల గాలి, వెలుతురు బాగుంటది. వచ్చే ఏడు తప్పకుండ..."

"మద్దెల!"

అందరికన్నా గట్టిగా అరిచింది టీషర్టులు. అమ్మార్ బెంచీ మీద దరువేశాడు. శిరీష చెవులు కుంపట్లయ్యాయి. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

ఇంటికొచ్చి ఫోన్ ముందేసుకొని కూర్చుంది. ఆ ముక్క తీసేయడం క్షణం పని. తీసేయడానికి కారణాలు కూడా వెంటవెంటనే తయారయ్యాయి. నిడివి ఎక్కువైంది, పిల్లల గోల స్పష్టంగా లేదు, సబ్జెక్టుకు సంబంధం లేదు. మూడో కారణం దగ్గర తన మీద తనకే నవ్వొచ్చింది. మద్దెల ఓడు ముక్కను కోయడానికి మళ్ళీ మద్దెలేనా? ఉన్నదున్నట్టు ఉంచి, ముందు రెండు మాటలు చేర్చింది: "నన్ను మన్నించండి. ఈ జబ్బు అభిమానులకే ఉందన్నట్టు చెప్పాను. నన్ను లెక్కలో వేసుకోవడం మరిచిపోయాను."

మల్లేశ్వర్‌కు ఆ మాఫీ చాలింది. తన గొంతు ఒక్క ముక్క కూడా కోయకుండా వచ్చినందుకు పొంగిపోయి, షాపుకొచ్చే ప్రతివాడికీ వినిపించాడు.

రామచంద్రయ్య కూడా విన్నాడు, తనకు కావలసినంత. సార్ మనసు మంచిది, గాలి, వెలుతురు అన్న దగ్గర ఆపేశాడు. తర్వాత వచ్చిన గోల చప్పట్లనుకున్నాడు. ఆర్డర్ ఊసెత్తలేదు గానీ ఫ్లెక్సీకి మాత్రం వెంటనే పురమాయించాడు. ఎడమవైపు మేడం నవ్వు ముఖం, పక్కన ఆమె అన్న మాటలు.

"మేడం, ఫోటో పంపుండ్రి" అని ఫోన్ చేశాడు మల్లేశ్వర్.

"ఆర్డర్ చేతికొచ్చిన్నాడు పంపిస్త అన్నా."

"గది మాట! మా అన్న కూడా అడ్వాన్సు లేనిది మేకప్ వేసుకోడు" అన్నాడు మల్లేశ్వర్.

ఫ్లెక్సీ లేచింది. ఎయిర్‌పోర్టుకు తిరిగే మలుపులో, అంత ఎత్తున. గాలీ వెలుతురూ ఉన్నాయి, సారు మంచి మనసూ ఉంది, మేడం ముఖం ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా గుండ్రంగా ఒక సున్నా. ఇదేందని అడిగిన ప్రతివాడికీ రామచంద్రయ్య ఓపికగా చెప్పాడు.

"కావాల్ననే పెట్టించినం. కొత్త డిజైన్. చూసేటోడు ఆడ తన బిడ్డ ముఖం ఊహించుకుంటడు."

ఆ మాట బస్సుదాకా చేరడానికి ఒక్క పూట పట్టింది. ఆనాటి నుంచి బస్సు ఆ మలుపు తిరిగినప్పుడల్లా కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చి, ఒక్క గొంతుతో "మద్దెలా!" అని అరిచేవి. డ్రైవర్ హారన్‌తో తాళం వేసేవాడు. అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులు ఫీజు కన్నా ముందు సున్నా సంగతి అడగసాగారు. రామచంద్రయ్యకు కొత్త కారణాలు అయిపోయాయి. కారణాలు అయిపోయిన మనిషి సంతకం పెడతాడని ఏ సైకాలజీ పుస్తకంలోనూ లేదు గానీ, పెట్టాడు.

శిరీష ఆర్డర్ పట్టుకొని మంఖాల్ చేరేసరికి లింగమ్మ వాకిట్లో తోటకూర తుంచుతోంది. బిడ్డ మాట ప్రకారం మల్లేశ్వర్‌కు తన ఫోటో పంపుతుంటే తొంగి చూసింది.

"గట్టి కొలువైందా బిడ్డా! జీతమెంత పెరిగిందే?"

శిరీష కాగితం మళ్ళీ చూసింది. పెద్దగా చూడాల్సిందేమీ లేదందులో.

"మొదట్ల గింతే ఉంటదమ్మా. కాలేజీ ఇప్పుడిప్పుడే నిలబడుతుంది కదా. సారు ఏమన్నడంటే, వచ్చే ఏడు..."

లింగమ్మ ఒక కాడ టప్పున విరిచింది.

"ఇగ కొట్టు మద్దెల" అంది.