మూడు పాటల బోర్డు

మా అత్తగారి పెరట్లో పనస చెట్టు ఆ ఏటి తుపానుకు పడిపోయింది. పడిపోయింది అనడం నా మర్యాద. సగం శ్రీకాకుళానికి కాయలూ, మిగతా సగానికి వాసనా పంచిన ఆ చెట్టు, ప్రహరీ గోడనీ బట్టల తీగనీ పక్కింటివాళ్ల డిష్షునీ వెంటబెట్టుకుని మరీ వెళ్లింది. దుంగలు కోత మిల్లుకూ కొమ్మలు పొయ్యిల్లోకీ పోగా మిగిలిన ఒకే ఒక్క పలకను ఆవిడ పాత చీరలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు ఆటోలో మా ఇంటికి తెచ్చారు.

సంగతేమిటంటే, చర్చిలో పాటల నంబర్లు పెట్టే బోర్డుకు చెదలు పట్టింది. కోత పండుగ ఆదివారానికి కొత్త బోర్డు తన చెట్టు చెక్కతోనే ఉంటుందని, చేసేది తన అల్లుడేనని ఆవిడ స్త్రీల సమాజంలో అప్పటికే చెప్పేసి వచ్చారు. ఒకదాని కింద ఒకటి ఐదు పాటల నంబర్లు పట్టాలి. చుట్టూ ఫ్రేము. దాని మూలల్లో చీమ కూడా దూరకూడదు.

నాకేం భయం? మా ఆవిడ స్కూటరును వానలోకి గెంటి మరీ నేను షెడ్డులో ప్రతిష్ఠించిన కోత మిషను ఉంది. బల్ల మధ్యలోంచి రంపపు చక్రం పైకి లేచి ఉంటుంది. పక్కనే ఒక గాడి. ఆ గాడిలో ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప అర్ధచంద్రాన్ని మైటర్ గేజు అంటారు. స్కూలు పెట్టెలోని కోణమానిని వ్యాయామం చేసి కండలు పెంచితే అలా ఉంటుంది. నలభై అయిదు డిగ్రీల దగ్గర మర బిగించి, చెక్కను దాని ముఖానికి ఆనించి తోస్తే మూల ఏటవాలుగా తెగుతుంది. ఫోను వీడియోలో ఒకాయన ఈ పని ఈల వేస్తూ చేసేశాడు. నాకు ఈల కూడా వచ్చు.

మొదటిసారి కోసి నాలుగు ముక్కలూ నేల మీద పేర్చాను. మూడు మూలలు బుద్ధిగా కలిశాయి. నాలుగో మూలలోంచి పాస్టరు గారు సైకిలు దిగకుండా వెళ్లిపోవచ్చు. మా ఆవిడ ఆ సందులో వేలు పెట్టి చూపించింది. నేను కరెంటును తిట్టాను, గాలిలో తేమను తిట్టాను, నేల చదును చేసిన మేస్త్రీని కూడా వదల్లేదు. తర్వాత ముక్కలన్నీ మళ్లీ కోశాను. కోసిన కొద్దీ ఫ్రేము చిన్నదవుతుందన్న విషయం ఫోనులో ఆయన చెప్పలేదు.

"ఐదో పాట ఏటయిపోనాది?" అంది మా ఆవిడ, నంబరు చెక్కలు ఆనించి చూసి.

ఐదో పాట వచ్చేసరికి ఎలాగూ అందరూ చెప్పులు వెతుక్కుంటూ ఉంటారని సర్దిచెప్పాను.

పండుగ ముందురోజు శనివారం అత్తగారు కొర్రమీనులతో దిగారు. పని ఎంతవరకు వచ్చిందో చూడాలని కత్తిపీట షెడ్డు గుమ్మంలోనే వేసుకున్నారు. నాలుగు పాటల ఫ్రేములో కూడా ఒక మూల ఇంకా నోరు తెరుచుకునే ఉంది. నేను మళ్లీ మిషను వేశాను. ఆవిడ చేపను బూడిదలో దొర్లిస్తూ కాసేపు నా వైపు చూశారు.

"అల్లుడా, నువ్వు తోస్తన్నావు, అది జారతన్నాది. సూడు."

చూశాను. రంపం పళ్లు తగలగానే చెక్క ఆ నున్నటి ఇనుము వెంట వెంట్రుక వాసి పక్కకు జరుగుతోంది. నా చేతులు రెండూ పెళ్లి ఫొటోలో వెనక వరస చుట్టాల్లా, ఉన్నామంటే ఉన్నామన్నట్టు ఉన్నాయి.

"సేప జారితే నేను బూడిద రాస్తాను. నీ కర్రకి ఏటి రాస్తావో సూసుకో" అన్నారావిడ.

ఇంత సులువా అనుకున్నాను. ఆవిడ పక్కనున్న బూడిద గుప్పెడు తీసి మైటర్ గేజు ముఖానికి విభూతిలా పట్టించాను. ఈసారి చెక్క వెంట్రుక వాసి జరగలేదు, బొటనవేలంత జరిగింది. నాలుగో పాట అక్కడే కన్నుమూసింది.

మా ఆవిడ గోడకున్న సంచిలోంచి గరుకు కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "మా అమ్మ గరుకు గురించి సెప్పినాది, బూడిద గురించి కాదు."

అప్పుడు గేజు ముఖానికి పొడుగాటి చెక్కపట్టీ ఒకటి బిగించి, దాని మీద గరుకు కాగితం అంటించాను. చెక్క చివర పక్కకు జారకుండా ఒక చిన్న దిమ్మను అడ్డంగా పెట్టి క్లాంపుతో బిగించాను. ఇక ఏనుగు వచ్చి తోసినా అది కదలదు. ముక్కలన్నీ వెన్న కోసినట్టు తెగాయి, ఎదురెదురు ముక్కలు కవలపిల్లల్లా వచ్చాయి. అత్తగారు కొప్పులోంచి ఒక తెల్ల వెంట్రుక లాగి నాలుగు మూలల్లోనూ దూర్చి చూశారు. దూరలేదు. కానీ బోర్డులో మూడు పాటలే పట్టాయి.

ఆదివారం పాస్టరు గారు మూడు నంబర్లు పెట్టి, మిగిలిన రెండూ చేతిలో పట్టుకుని బోర్డునూ గోడనూ నన్నూ వరసగా చూశారు. తర్వాత వాటిని జేబులో వేసుకున్నారు. చర్చి పుట్టినప్పటి నుంచి ఆ రోజే బిరియానీ వేడిగా ఉండగా ఆరాధన ముగిసింది. నాతో ఏనాడూ మాట్లాడనివాళ్లు వచ్చి చెయ్యి కలిపారు. ఒక పెద్దాయన, ఈసారి ఇంకొంచెం చిన్నది చెయ్యగలవా అని చెవిలో అడిగారు.

అత్తగారు మాత్రం ఆటో ఎక్కి మా వెనకే వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా షెడ్డులోకి నడిచి, మిషను ఎదురుగా నిలబడి పాటల పుస్తకం తెరిచారు.

"నీ బోర్డులో పట్టనివి రెండున్నాయి. అవి ఇక్కడ పాడతాను. మీరిద్దరూ ఇలా వచ్చి నిలబడండి."

ఒక్క చరణం కూడా వదల్లేదు. ఆ ఆదివారమే కాదు, తర్వాత ప్రతి ఆదివారమూ అంతే. ఐదు పాటల బోర్డు ఇంకోటి చేసిస్తానని బతిమాలాను. తన చెట్టు మళ్లీ మొలిచాక చూద్దామన్నారు. ఒకసారి రెండో పాట మధ్యలో నీళ్లు తాగే వంకతో గుమ్మం వైపు మెల్లగా కదలబోయాను. ఇటు మా ఆవిడ మోచెయ్యి తగిలింది, అటు అత్తగారి చూపు తగిలింది. మళ్లీ వెంట్రుక వాసి కూడా జరగలేదు.